మన బడి ఎవరి చేతిలో ఉంది, డబ్బెక్కడిది, చదువెంత – జూలై 2025 వార్తాలేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

జూలై 10, గురువారం మెగా పీటీఎం, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం. ఆహ్వానం పిల్లల చేత పంపాం, చూసే ఉంటారు. ఆ రోజు మొక్కలు నాటడం, భోజనాలు, ఫోటోలు, వచ్చిన పెద్దల ప్రసంగాలు, వీటితోనే పొద్దు గడిచిపోతుంది, కూర్చుని లెక్కలు మాట్లాడుకునే తీరిక ఉండదు. అందుకే ఈ నెల ఆటల కబుర్లు, పుట్టినరోజుల జాబితా పక్కన పెట్టి ఈ బడిని ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, పిల్లలకు నిజంగా ఎంత చదువు వస్తోంది అన్నది రాస్తున్నాను. జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి గేటు దగ్గర నన్ను ఆపి అడుగుతున్న వాటిలో సగం నా చేతిలో లేనివి. నా చేతిలో ఉన్నవి మాత్రం ఎవరూ అడగడం లేదు!

గేటు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని ఉంది కాబట్టి అన్నీ జడ్పీ వాళ్లే చూస్తారని చాలామంది అనుకుంటున్నారు. బాత్రూం తలుపు ఊడిందని నేరుగా జడ్పీటీసీ గారికే ఫోన్ చేసినవాళ్లున్నారు. ఒకప్పుడు జిల్లా బోర్డులు, ఆ తర్వాత 1959 చట్టంతో వచ్చిన జిల్లా పరిషత్తులు ఊళ్లలో హైస్కూళ్లు పెట్టాయి, ఆ పేరు అలాగే నిలిచిపోయింది. మా టీచర్ల పీఎఫ్ ఖాతాలు ఇప్పటికీ జడ్పీ ఆఫీసులోనే ఉంటాయి. జీతాలు మాత్రం ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఖజానావి, 010 పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తాయి. బిల్లు పెట్టేది నేనే అయినా ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా అటూ ఇటూ కదిపే అధికారం నాకు లేదు. నియామకాలు, బదిలీలు, సిలబస్, పరీక్షలు అన్నీ పాఠశాల విద్యాశాఖవి: నా పైన ఉప విద్యాశాఖాధికారి, ఆ పైన జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ), ఆ పైన రాష్ట్ర డైరెక్టరు. మీ చిన్నపిల్లలు చదివే ప్రాథమిక బడి సంగతులైతే మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) గారి ఆఫీసులో అడగాలి.

పెద్దమ్మాయి టెక్సాస్‌లో ఉంటున్న ఒక అమ్మమ్మ గారు మొన్న నన్ను మంచి ప్రశ్న అడిగారు. అక్కడ స్కూల్ డిస్ట్రిక్టుకు బోర్డు ఉంటుందట, ఆ బోర్డుకు ఎన్నికలు జరుగుతాయట, జనం కట్టే ఇంటి పన్నులోంచి స్కూళ్లకు డబ్బు పోతుందట, మరి మనం కడుతున్న ఇంటి పన్నులో ఈ బడికి ఎంత వస్తుందమ్మా అన్నారు. ఏమీ రాదండీ. మన ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుంది. బడికంటూ పన్నులో వాటా లేదు, మనకొచ్చేదంతా పై నుంచి దిగాల్సిందే. దీనివల్ల ఒక మంచి ఉంది, ఊరు పేదదైనా టీచరు జీతం ఆగదు. చెడు కూడా ఉంది. మన జేబులోంచి నేరుగా పోవడం లేదు కాబట్టి ఎంతొచ్చింది, ఏం చేశారు అని అడగాలన్న ఆలోచనే మనకు రాదు.

అలాగని అడిగే హక్కు లేదని కాదు. ఎన్నికలు మనకూ జరిగాయి, పోయిన ఏడాది ఆగస్టు 8న, రాష్ట్రమంతా ఒకే రోజు. తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులే ఎన్నుకున్న యాజమాన్య కమిటీ అది. విద్యాహక్కు చట్టం ప్రకారం సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, చైర్మన్ తల్లిదండ్రుల్లోంచే రావాలి. నేను అందులో కన్వీనర్‌ని మాత్రమే. బడి పనితీరు చూడటం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం ఆ కమిటీ పని, ఇది చట్టంలోనే ఉంది, నేను దయతో ఇస్తున్నది కాదు. పదవీకాలం రెండేళ్లు, అంటే ఇంకో ఏడాది ఉంది.

ఒక మాట మొహమాటం లేకుండా రాస్తాను. కమిటీలో పేరు ఆవిడది, మీటింగుకు వచ్చేది ఆయన. రిజిస్టరు ఇంటికి పంపితే ఆవిడ సంతకం చేసి పంపుతుంది. ఇక మీద రిజిస్టరు గేటు దాటదు. సంతకం ఎవరిదైతే వాళ్లే రావాలి, రోజు కూలి పోతుందంటే సాయంత్రం పెట్టుకుందాం, చంటిపిల్ల ఉంటే ఎత్తుకుని రండి, పర్వాలేదు.

ఇక డబ్బు. బడి నిర్వహణకు ఏటా వచ్చేది సమగ్ర శిక్ష అనే కేంద్ర, రాష్ట్ర ఉమ్మడి పథకం కింద ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు, అందులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40. పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు: 30 మంది వరకు 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, అక్కడి నుంచి 1,000 మంది వరకు ఎంతమంది ఉన్నా 75 వేలు, ఆ పైన లక్ష. మనది 250 దాటిన బడి కాబట్టి 75 వేల గ్రాంటు వర్తిస్తుంది. నెలకు వేసుకుంటే 6,250 రూపాయలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, నెట్ బిల్లు, మోటారు రిపేరు, ల్యాబ్‌లో పగిలిన గాజు సామాను, అన్నీ అందులోనే సర్దుకోవాలి. మళ్లీ అందులో పదో వంతుకు తగ్గకుండా, అంటే 7,500, శుభ్రతకే పెట్టాలని నిబంధన. ఫ్యాన్లు తిరగడం లేదని అడిగినవాళ్లు ఈ లెక్క ఒకసారి చూస్తే వేసవిలో మోటారు కాలిపోయిన నెల నా టెన్షన్ ఏమిటో అర్థమవుతుంది. పోయిన ఏడాది ఖర్చు మొత్తం బిల్లుల నకళ్లతో సహా ఆఫీసు రూం బయట నోటీసు బోర్డుకు అంటించాను. చదవండి, అనుమానం వచ్చిన చోట పెన్సిలుతో గీత పెట్టండి, కోప్పడను.

ఈ స్లాబుల వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. 251 మంది ఉన్న బడికీ 1,000 మంది ఉన్న బడికీ అదే 75 వేలు, 251 మందిలో ఇద్దరు తగ్గితే మాత్రం పాతిక వేలు కోత. టీచరు పోస్టులు కూడా పిల్లల సంఖ్య మీదే ఆధారపడతాయి. 2022లో తరగతులు, టీచరు పోస్టుల సర్దుబాటు మీద జీవో 117 అనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినప్పుడు చాలా ఊళ్లలో ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపారు, ఈ ఏడాది ఆ జీవో రద్దు చేసి కొత్త పద్ధతి తెచ్చారు. సంఖ్య మారినప్పుడల్లా పోస్టులు మళ్లీ లెక్కేస్తారు, మిగులు తేలినచోటి నుంచి టీచరును ఇంకో బడికి పంపుతారు. బస్సు గేటు దగ్గరికే వస్తుందని పిల్లను ప్రైవేటు స్కూలుకు మార్చడం మీ ఇష్టం, నేను ఆపను. కానీ అలా కొందరు మారాక మిగిలిన పిల్లలకు ఒక టీచరు తగ్గితే అది ఎవరో కుట్ర చేసి చేసింది కాదు, ఈ లెక్క వల్ల జరిగేది.

బడికెళ్లే పిల్లల తల్లుల ఖాతాలో ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువమంది అడిగింది అదే. పథకం 15 వేలు, ఖాతాలో పడింది 13 వేలు, ఆ రెండు వేలు మేడం కోసేసింది అని ఒక వాట్సాప్ గ్రూపులో రాశారట. కోసింది నేను కాదు. బడుల నిర్వహణ, మరుగుదొడ్ల శుభ్రత కోసం ఆ 2,000 ముందే పక్కన పెట్టాలని పథకంలోనే ఉంది, అది నా దగ్గరికి నోట్ల రూపంలో రాదు. మీ పిల్లల పేరుతో పక్కన పెట్టిన డబ్బు కాబట్టి మరుగుదొడ్డి కంపు కొడితే మాత్రం నన్ను గట్టిగా అడగండి. అది అడగాల్సిన ప్రశ్నే. ఇంకొకటి, ఈ పథకానికి 75 శాతం హాజరు ఉండాలి. పెళ్లికి వెళ్లాం, జాతరకు వెళ్లాం, హాజరు వేసేయండి మేడం అని టీచర్లను బతిమాలొద్దు.

మధ్యాహ్న భోజనం. ఈ విద్యా సంవత్సరం నుంచి సన్నబియ్యం వస్తోంది, పిల్లలు పళ్లెంలో వదిలేది తగ్గింది, అది నా కళ్లతో చూస్తున్నాను. 6 నుంచి 8 తరగతుల పిల్లలకు రోజుకు 150 గ్రాముల బియ్యం, వాటికి తోడు పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు కోసం కేంద్రం లెక్క మే నుంచి తలకు 10 రూపాయల 17 పైసలు, దాన్నీ కేంద్రం, రాష్ట్రం 60, 40గా పంచుకుంటాయి. 9, 10 తరగతులు కేంద్ర పథకంలోనే లేవు, వాళ్లకు పెట్టేది పూర్తిగా రాష్ట్రమే. వారానికి ఐదు గుడ్లు, చిక్కీ, రాగి జావ వేరు. వంటమ్మలకు గౌరవ వేతనం నెలకు 3,000. ఆ డబ్బుకి పొయ్యి దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడేవాళ్ల మీద సాంబారు పలచగా ఉందని అరిచేముందు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. గుడ్డు చిన్నదైనా, లెక్క తగ్గినా నాకు చెప్పండి, వాళ్లకు కాదు.

చదువు సంగతికి వస్తాను. ఈ ఏప్రిల్‌లో వచ్చిన పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రం మొత్తం ఉత్తీర్ణత 81.14 శాతం, అంతకు ముందు ఏడాది 86.69, కోవిడ్ తర్వాత 2022లో 67.26. జిల్లాల్లో మొదటిది పార్వతీపురం మన్యం, 93.90 శాతం. చివరిది అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64. రెండూ ఏజెన్సీ జిల్లాలే, రెండిట్లోనూ కొండలు, హాస్టళ్లు, కూలి పనులకు పోయే తల్లిదండ్రులు. అయినా ఒకటి పైన, ఒకటి కింద! అందుకే 'మా పిల్లలకు చదువు రాదండీ, మా ఇంటా వంటా లేదు' అన్న మాట నా దగ్గర అనొద్దని చెప్పేది. ఇంటిని బట్టే చదువు వచ్చేదైతే ఆ రెండు అంకెలు అంత దూరంగా ఉండవు.

పాస్ శాతం కూడా పూర్తి నిజం చెప్పదు, సబ్జెక్టుకు 35 వస్తే పాసే. పదో తరగతిలో లెక్కలు తప్పిన పిల్లవాడికి కష్టం మొదలైంది పదిలో కాదు, మూడులోనో నాలుగులోనో. ఈ జనవరిలో వచ్చిన అసర్ నివేదిక (పల్లెల్లో పిల్లల చదువు మీద చేసే ఇంటింటి సర్వే) ప్రకారం దేశంలోని పల్లెటూళ్లలో ప్రభుత్వ బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతమే. మన ఆరో తరగతిలో ఈ ఏడాది చేరిన వాళ్లలోనూ తెలుగు పేరా ఆగి ఆగి చదివే పిల్లలున్నారు. వాళ్లను రోజూ మొదటి పీరియడ్‌కు ముందు అరగంట విడిగా కూర్చోబెట్టి చదివిస్తున్నాం. పీటీఎంలో మీ చేతికి ప్రోగ్రెస్ కార్డు వస్తుంది, అందులో గ్రేడు చూసి మురిసిపోవడమో తిట్టడమో చేసేలోపు ఇంటికెళ్లి ఏ పేపరో తీసి ఒక పేరా గట్టిగా చదివించండి. మీకు చదువు రాకపోయినా పిల్ల తడబడుతుందో లేదో వినబడుతుంది.

ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీ విషయం: టీచర్ల నియామకానికి పెట్టిన మెగా డీఎస్సీ పరీక్షలు ఈ మధ్యే ముగిశాయి, రాష్ట్రంలో 16,347 పోస్టులు. ఫలితాలొచ్చి, పోస్టింగులు ఇచ్చే దాకా బయాలజీ టీచరే ఆ పీరియడ్లు కూడా తీసుకుంటున్నారు. మీరు కమిటీ తీర్మానం చేసి డీఈఓ గారికి పంపిస్తే మంచిది, తల్లిదండ్రుల సంతకాలున్న కాగితానికి నా ఒక్కదాని లేఖ కన్నా బరువు ఎక్కువ.

కమిటీ సమావేశం జూలై 14, సోమవారం సాయంత్రం 5 గంటలకు, పదో తరగతి గదిలో. సభ్యులు కానివాళ్లు కూడా వచ్చి కూర్చోవచ్చు, ఓటు మాత్రం సభ్యులదే. తీర్మానానికి పెడుతున్నవి రెండు: సైన్స్ పోస్టు గురించి కాగితం, గ్రాంటులో మొదటి ఖర్చు. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ల ట్యాంకు మార్చాలి, వెనకవైపు ప్రహరీకి పడిన కన్నం పూడ్చాలి, రెండూ ఒకేసారి అయ్యేంత డబ్బు లేదు. నేనైతే ట్యాంకు ముందంటాను. గోడ ముందనేవాళ్లు వచ్చి ఎందుకో చెప్పండి, రిజిస్టరులో అదే రాద్దాం.

మీ హెడ్‌మిస్ట్రెస్