చవక కంప్యూటర్‌కు మరమ్మతు హామీ కూడా కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

పేద దేశాల విద్యార్థుల కోసం అతి తక్కువ ధరలో కంప్యూటర్ తయారు చేయాలన్న ప్రయత్నం గట్టిగా మొదలై ఇరవై ఏళ్ళు దాటింది. ఈ కాలమంతా ప్రతి ప్రకటనలోనూ ముందు వినిపించింది ధరే. నూరు డాలర్లన్నారు, ముప్పై అయిదు డాలర్లన్నారు, రెండు వేల రూపాయలన్నారు. ఆ యంత్రం మూడో ఏట కూడా పిల్లల చేతుల్లో పని చేస్తుండాలంటే ఏమేం కావాలన్న ఆలోచన మాత్రం కొనుగోళ్ళు పూర్తయి, పంపిణీ సభలు ముగిశాకే వస్తోంది. మన రాష్ట్రంలో బడి పిల్లలకు మళ్ళీ ఎప్పుడు పరికరాలు కొన్నా, మరమ్మతు సంగతి టెండరు షరతుల్లోనే రాయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు విజయవాడలో మా పేటలోని చిన్న గ్రంథాలయంలో సెలవు రోజుల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాను.

అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ మీడియా ల్యాబ్‌కు చెందిన నికొలస్ నెగ్రోపాంటే 2005 జనవరిలో దావోస్‌లో నూరు డాలర్ల ల్యాప్‌టాప్ ప్రతిపాదనను ప్రపంచం ముందు పెట్టారు. అదే ఏడాది నవంబరులో ట్యునిస్‌లో కోఫీ అన్నన్ సమక్షంలో దాని నమూనాను చూపించారు. చేత్తో తిప్పి కరెంటు పుట్టించుకునే పిడి ఆనాడు అందరినీ ఆకర్షించింది. 2007 చివర్లో అసలు తయారీ మొదలయ్యే నాటికి ఆ పిడి లేదు, ధర దాదాపు రెట్టింపయింది. అయినా ఆ యంత్రాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. మేరీ లూ జెప్సెన్ రూపొందించిన తెర మీద ఎండలో కూడా అక్షరాలు చదవవచ్చు. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు చార్జింగ్‌ను తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వాడారు. మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పుకునేలా పై తొడుగును అమర్చారు. స్క్రూ పోతే పిల్లలు వెతుక్కోనక్కరలేకుండా, అదనపు స్క్రూలను, యంత్రాన్ని పట్టుకెళ్ళే పిడి లోపలే పెట్టి ఇచ్చారు. ఎక్కడో కొండ ఊళ్ళో, దుకాణం లేని చోట, ఒక పిల్ల తన యంత్రాన్ని తనే విప్పుకోవలసి వస్తుందని ముందే ఊహించి చేసిన పని అది. చవక యంత్రం తయారు చేసేవారందరికీ ఉండవలసిన శ్రద్ధ అదేనని నేను నమ్ముతాను.

ఇంత శ్రద్ధతో చేసిన యంత్రం కూడా పెరూలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఆ దేశం 8 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొన్నది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 319 గ్రామీణ పాఠశాలల్లో పరిశీలన జరిపి, పదిహేను నెలలు గడిచినా లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల మార్కులు మారలేదని 2012లో తేల్చింది. ఆ బడులలో చాలావాటికి ఇంటర్నెట్ లేదు, ఉపాధ్యాయులకు తగిన శిక్షణా అందలేదు. అదే ల్యాప్‌టాప్‌ను ఎంచుకున్న ఉరుగ్వే 2007లో పని మొదలుపెట్టి 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ ఇచ్చింది. అక్కడ కూడా మార్కులు వెంటనే పెరగలేదని పరిశోధకులే రాశారు. అయితే ఆ దేశం యంత్రాలు పంచి చేతులు దులుపుకోలేదు. బడులకు ఇంటర్నెట్, ఉపాధ్యాయులకు శిక్షణ, పాడైన యంత్రాలకు మరమ్మతు, ఇవన్నీ చూసుకోవడానికి ప్రత్యేకంగా సీబల్ అనే సంస్థను నిలబెట్టింది, ఆ సంస్థ నేటికీ పనిచేస్తోంది.

మన దేశం సంగతికి వస్తే, బెంగళూరు ఐఐఎస్సీ అధ్యాపకులూ ఎన్‌కోర్ కంపెనీ ఇంజినీర్లూ కలిసి రూపొందించిన సింప్యూటర్ అనే చేతిలో పట్టే చిన్న కంప్యూటర్ మన భాషల్లోని రాతను చదివి వినిపించగలిగినా, పదివేల రూపాయల దరిదాపుల్లో ధర ఉండి కొన్ని వేలకు మించి అమ్ముడుపోలేదు. ఆ తర్వాత 2011 అక్టోబరు 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఆకాశ్ ట్యాబ్లెట్‌ను విడుదల చేశారు. అందులో ఉన్నవి నెమ్మదైన 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, చాలీచాలని 256 మెగాబైట్ల మెమరీ, గట్టిగా నొక్కితేనే స్పందించే తెర. ధరను ముందు నిర్ణయించుకుని యంత్రాన్ని దానికి కుదించడం వల్ల వచ్చిన ఇబ్బందులివి. మరుసటి ఏడాదే మెరుగైన ఆకాశ్-2 తేవలసి వచ్చింది. ఆ చొరవను నేను తప్పు పట్టను. రెండు వేల రూపాయలకు ట్యాబ్లెట్ సాధ్యమేనని దేశానికి చూపించింది అదే. కానీ మొదటి విడత ట్యాబ్లెట్లు అందుకున్న విద్యార్థికి అవి పాడైతే ఎక్కడికి వెళ్ళాలన్నదీ ధరంత ముఖ్యమైన ప్రశ్నే.

మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకూ వారి ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. అవి ఎందరి ఇళ్ళలో మొదటి కంప్యూటర్లయ్యాయో నాకు తెలుసు, ఆ మేలును కాదనను. ఏ ప్రభుత్వం ఇచ్చింది, ఏ సంస్థ తయారు చేసింది అన్నది కూడా నా ఫిర్యాదు కాదు. గ్రంథాలయానికి వచ్చే పిల్లలు రకరకాల ట్యాబ్‌లు, బడిలో ఇచ్చినవీ ఇంట్లో కొన్నవీ, పట్టుకొస్తుంటారు. కొన్ని నెలల కిందట ఒక అమ్మాయి తెచ్చినదాని వెనక పలక ఒక పక్కన పైకి లేచి ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బింది. దాన్ని తీయాలంటే అంచుల వెంట వేడిగాలి పట్టి, పల్చని ప్లాస్టిక్ రేకుతో జిగురును కొద్దికొద్దిగా కోస్తూ, తెర పగలకుండా, బ్యాటరీకి గాటు పడకుండా ఓపిగ్గా కూర్చోవాలి. గాటు పడితే మంట లేవవచ్చు. పిల్లలను దూరంగా కూర్చోబెట్టి ఆ పని చేశాను. గవర్నర్‌పేటలో ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళు ఈ పని నాకంటే నేర్పుగా చేస్తారు. వాళ్ళకు కొరవడింది నైపుణ్యం కాదు, విడిభాగం. ఆ మోడల్‌కు సరిపోయే బ్యాటరీ ఊరంతా తిరిగినా దొరకలేదు. చార్జింగ్ సాకెట్ వదులైనా, దాన్ని బోర్డుతో కలిపే చిన్న రిబ్బన్ తెగినా ఇదే పరిస్థితి. రెండు మూడు వందలకు దొరకవలసిన భాగం దొరక్క, వేల రూపాయల యంత్రం బీరువా మీదికి చేరుతోంది.

ఇది ఆటోనగర్ ఉన్న ఊరు. ముప్పై ఏళ్ళ లారీకి కూడా అక్కడ బాడీ కడతారు, రేడియేటర్ అతుకుతారు, గేర్‌బాక్స్ విప్పి పళ్ళు మారుస్తారు. లారీ అంతకాలం నడవడానికి కారణం దాన్ని విప్పగలగడం, భాగాలు బజారులో దొరకడం, చూసి నేర్చుకునే కుర్రాడు పక్కనే ఉండడం. పేద పిల్లకు ఇచ్చే కంప్యూటర్‌కూ ఈ మూడూ ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ మునిగినప్పుడు, విప్పడానికి వీలున్న పాత డెస్క్‌టాప్‌లలో కొన్నిటిని కడిగి ఆరబెట్టి మళ్ళీ నడిపించుకోగలిగారు. జిగురుతో మూసేసిన ట్యాబ్‌ల విషయంలో ఆ అవకాశమే లేకపోయింది. ఐరోపా యూనియన్ ఇలాంటి పరికరాల బ్యాటరీని కొన్నవారే తీసి మార్చుకోగలిగేలా ఉండాలని 2023లో నియమం చేసింది, అది 2027 ఫిబ్రవరి నుంచి అమలులోకి వస్తుంది. సంపన్న దేశాలే ఈ జాగ్రత్త పడుతుంటే, ఒక్కసారి పాడైతే మరొకటి కొనలేని మన పిల్లల విషయంలో మనం ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి.

యంత్రం బాగుంటే చాలదు, అందులో తెలుగు ఉండాలి. కీబోర్డు మీద తెలుగు టైపు చేయడం ఒక్కసారి చూపిస్తే పిల్లలు ఎంత త్వరగా పట్టుకుంటారో నేను కళ్ళారా చూస్తున్నాను. ఆరో తరగతి చదివే ఒక పాప తన పేరు లక్ష్మి అని కొట్టడానికి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి నొక్కింది. అక్షరాలు ఒకదాని కిందికి ఒకటి చేరడం చూసి, తను నేర్చుకున్నది పక్క పాపకు వెంటనే చెప్పింది. స్వేచ్ఛ సంస్థ తెలుగులోకి తెచ్చిన, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ వ్యవస్థ, రాతకూ లెక్కలకూ పనికొచ్చే, తెలుగులో నడిచే లిబ్రే ఆఫీస్, కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ఇంటర్నెట్ లేకుండా చదువుకోగల తెలుగు వికీపీడియా, ఒక పుట తెలుగులో ఎదురు పుట ఇంగ్లిషులో ఉండే మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు, ఇవన్నీ ఒక మెమరీ కార్డులో పడతాయి, వేటికీ లైసెన్సు ఫీజు లేదు. పాఠాలు ఒకే ప్రైవేటు సంస్థ యాప్‌లో బిగించి ఉంటే, ఆ ఒప్పందం ముగిసిన నాడు ట్యాబ్ బాగున్నా పాఠం ఉండదు.

తలకొక యంత్రమే కావాలన్న పట్టుదల కూడా అక్కరలేదని నా అభిప్రాయం. 2012లో 35 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్ బోర్డుకు తెర, కీబోర్డు, మెమరీ కార్డు, అడాప్టర్ కలిపితే ఖర్చు చాలా పెరుగుతుంది. అయినా తెర పోతే తెర ఒక్కటే, కీబోర్డు పోతే కీబోర్డు ఒక్కటే మార్చుకోవచ్చు. అలాంటివి పది ఒక పురపాలక పాఠశాలలోనో శాఖా గ్రంథాలయంలోనో పెట్టి, సాయంత్రాలు కూడా తెరిచి ఉంచితే, ఇంట్లో ట్యాబ్ లేని పిల్లలకూ పనికొస్తాయి. కేరళ 2001లో ఐటీ అట్ స్కూల్ పథకం మొదలుపెట్టి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ, తర్వాత ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారి, దానితోనే ప్రభుత్వ బడుల కంప్యూటర్లు నడుపుతూ వస్తోంది. సాటి దక్షిణాది రాష్ట్రం చేసి చూపించిన దాన్ని మనం అసాధ్యమని అనలేం.

కాబట్టి విద్యాశాఖ అధికారులకు నా విన్నపం. ఇకపై పిల్లల కోసం కొనే ఏ పరికరానికైనా మామూలు పనిముట్లతో మార్చుకోగల బ్యాటరీ ఉండాలని, కనీసం అయిదేళ్ళ పాటు బ్యాటరీ, తెర, చార్జింగ్ సాకెట్ నిర్ణీత ధరకు విజయవాడ, గుంటూరు వంటి కేంద్రాల్లో దొరకాలని, విప్పే విధానాన్ని తెలుగులో రాసి ఇవ్వాలని టెండరులో షరతు పెట్టాలి. పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులకు ఈ మరమ్మతును ప్రాక్టికల్స్‌లో భాగం చేసి, మండలానికి ఒక మరమ్మతు బల్ల ఏర్పాటు చేయాలి. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇంతకంటే కష్టమైన పనులు చేశారు, వీళ్ళూ చేయగలరు. అన్నిటికంటే ముందు, ఇప్పటికే పంచిన ట్యాబ్‌లలో ఈరోజు ఎన్ని పనిచేస్తున్నాయి, ఆగిపోయినవి బ్యాటరీ వల్లనా తెర వల్లనా సాకెట్ వల్లనా అన్న లెక్కను పాఠశాలల వారీగా తీయించి, కొత్త టెండరు పిలవడానికి ముందే ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
విజయవాడ.