కొత్త పరిశోధక విద్యార్థులకు: గైడ్‌తో పని గురించి

గ్రూపు సభ్యులకు నమస్కారం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మంది పీహెచ్‌డీ విద్యార్థులకు మార్గదర్శకత్వం వహించవచ్చు. పాఠాలు, పేపర్లు దిద్దడం పోగా మీకు దక్కే సమయం తక్కువే. అందుచేత కలవడానికి రెండు రోజుల ముందే, చేసిన పనేమిటో, ఎక్కడ ఆగిందో, ఏ విషయంలో గైడ్ నిర్ణయం కావాలో ఒక పేజీలో రాసి పంపండి. ‘అధ్యాయం చూశారా సార్’ అనేకన్నా ‘మూడో పట్టికకు ఈ నమూనా సరిపోతుందా’ అని అడిగితే జవాబు త్వరగా వస్తుంది. పరిశోధన పత్రంలో రచయితల పేర్ల వరుసను మాత్రం (మొహమాటంతో చాలామంది వాయిదా వేసేది ఇదే) రాత మొదలుకాకముందే తేల్చుకోండి. ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతి వివరించాలి కనుక, అభిప్రాయభేదాలుంటే అక్కడ తొలిసారి బయటపెట్టకుండా ముందుగా గైడ్‌తోనే మాట్లాడండి.