బీడులో మంద తోలినవాడికి హక్కు ఎలా వచ్చింది

వాగా వాగా, న్యూ సౌత్ వేల్స్, ఆస్ట్రేలియా

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. సర్వే శాఖలో అన్నేళ్లు చేసినవారు కదా, సరైన చోటే పట్టుకున్నారు. మన దగ్గర సర్కారు బంజరులో శివాయిజమా సాగు, అంటే అనుమతి లేని సాగు చేస్తే బి మెమో, అంటే ఆక్రమణ నోటీసు ఇస్తారు. ఇక్కడ సర్కారు బీడులో గొర్రెలు తోలినవాళ్లు పెద్ద భూస్వాములైపోయారు. ఎలా అని అడిగారు. వివరంగా రాస్తున్నాను.

ముందు హద్దు సంగతి. 1829లో గవర్నర్ డార్లింగ్ సిడ్నీ చుట్టూ పందొమ్మిది కౌంటీలకు హద్దు గీసి, అవతల ఎవరూ స్థిరపడకూడదన్నాడు. 1831లో ఉచిత గ్రాంట్లు ఆపేశారు. లోపల భూమి కావాలంటే ఎకరం కనీసం 5 షిల్లింగుల చొప్పున వేలంలో కొనాలి. ఆ ధర పెట్టి కొని గొర్రెలు మేపితే గిట్టదు. అందుకే మందలు హద్దు దాటాయి. మా ఊరి పక్కన పారే మరంబిడ్జీ నదికి రెండు వైపులా 1830ల్లో జరిగింది అదే. ఇలా దాటినవాళ్లనే స్క్వాటర్లన్నారు. మొదట్లో అది తిట్టు. శిక్ష పూర్తయిన ఖైదీలు బీడులో గుడిసె వేసుకుని పశువులు దొంగిలిస్తుంటే వాళ్లనే అలా పిలిచేవారు. 1840లకల్లా అదే మాట డబ్బున్న మందల యజమానికి గౌరవంగా మారింది.

బీడు పట్టడం అంటే నీళ్లు పట్టడమే. వాగు ఒడ్డు చేతిలో ఉంటే వెనక ఎన్ని మైళ్లున్నా మరొకడు మేపలేడు. ఆ మేత స్థలాన్ని రన్ అంటారు. హద్దురాయి ఉండదు. ఒక వైపు వాగు, ఒక వైపు గుట్ట, మధ్యలో బెరడు చెక్కి గుర్తు పెట్టిన చెట్లు, లేదా నాగలితో తీసిన ఒక చాలు. చెట్టు బోదెను నిలువుగా చీల్చిన పలకలతో గోడ, పైన బెరడు కప్పు, అదే ఇల్లు. కంచెలు లేని కాలం కాబట్టి పగలు ప్రతి మందకూ ఒక కాపరి వెంట ఉండాలి. రాత్రి తడకల దొడ్డిలో తోలితే, ఇంకో మనిషి పక్కనే చిన్న చెక్కపెట్టెలాంటి గూట్లో పడుకుని కాపలా కాయాలి. ఆ తడకల్ని మాటిమాటికీ పక్కకు జరపాలి. మన దగ్గర పొలంలో మంద పెట్టేది ఎరువు కోసం. ఇక్కడ జరపకపోతే పేడ, బురద కలిసి గిట్టలు కుళ్లేవి. గజ్జి ఒక గొర్రెకు సోకితే మంద మొత్తానికీ అంటుకునేది. అందుకే పొరుగువాడి మంద తన గడ్డిలోకి వస్తే అంత గొడవ.

ఇక సర్కారు ఏం చేసిందంటే, ఆపలేక రుసుము పెట్టింది. 1836లో గవర్నర్ బూర్క్ ఏడాదికి 10 పౌండ్ల లైసెన్సు తెచ్చాడు. హద్దు అవతల మేపుకోవడానికి అనుమతి మాత్రమే, భూమి మీద హక్కు కాదు. 1839లో తర్వాతి గవర్నర్ గిప్స్ దాని మీద గొర్రెకు అర పెన్నీ, పశువుకు ఒకటిన్నర పెన్నీ, గుర్రానికి 3 పెన్నీలు వేసి, ఆ డబ్బుతో సరిహద్దు పోలీసును పెట్టాడు. రన్‌ల మధ్య తగాదా వస్తే క్రౌన్ ల్యాండ్స్ కమిషనర్, అంటే సర్కారు భూముల అధికారి, గుర్రం మీద వచ్చి, మొదట ఎవరు మేపారో విచారించి, అక్కడికక్కడే తేల్చేవాడు. పటం లేకుండా ఇచ్చిన ఆ తీర్పులే తర్వాత హక్కు రికార్డులయ్యాయి. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. రసీదు చేతికి ఇచ్చాక సర్కారు వాళ్లను ఆక్రమణదారులనడం కష్టమైంది.

1843లో మరో మెట్టు. భూమి తనది కాదు కాబట్టి తనఖా పెట్టలేడు. శాసనమండలి సభ్యుడు వెంట్‌వర్త్ పట్టుబట్టి తెచ్చిన చట్టంతో, గొర్రె ఒంటి మీదే ఉన్న రాబోయే ఉన్నిని తనఖా పెట్టి అప్పు తెచ్చుకునే వీలొచ్చింది. ధరలు పడిపోయిన ఆ ఏడాదే యాస్ అనే ఊరి దగ్గర హెన్రీ ఓబ్రియన్ అనే మందల యజమాని గొర్రెల్ని ఉడకబెట్టి కొవ్వు తీసి అమ్మితే, ఒక్కోదానికి 6 షిల్లింగుల దాకా వస్తుందని చూపించాడు. దాంతో గొర్రె ధర అంతకంటే దిగకుండా ఒక కనీస ధర ఏర్పడింది.

1844లో గిప్స్ బిగించబోయాడు. అప్పటిదాకా ఒకే లైసెన్సు మీద ఎన్ని రన్‌లైనా నడిచేవి. ఇకపై ప్రతి రన్‌కూ వేరే 10 పౌండ్లు, రన్ 20 చదరపు మైళ్లు దాటకూడదు, అంటే 12,800 ఎకరాలు. స్క్వాటర్లు సంఘం కట్టి, ఈ వలసను ఏలే లండన్ సర్కారు దాకా వెళ్లారు, నెగ్గారు. 1847 ఉత్తర్వులతో మారుమూల జిల్లాల్లో 14 ఏళ్ల లీజు, కౌలు 4,000 గొర్రెలకు 10 పౌండ్లు, ఆపైన ప్రతి వెయ్యికీ రెండున్నర పౌండ్లు. లీజు నడిచినన్నాళ్లూ ఆ భూమిని ఎకరం పౌండు చొప్పున కొనే హక్కు వాళ్లకు మాత్రమే.

ఇదంతా చెప్పి ఒకటి దాటేస్తే అన్యాయం. అది ఖాళీ బీడు కాదు. ఈ నదీతీరం విరాడ్జురి అనే ఆదివాసీ ప్రజలది. నీళ్లు పట్టడం అంటే వాళ్ల చేపలు, వేట, బతుకు పట్టడం. 1838 జూన్ 10న మయాల్ క్రీక్ రన్‌లో కనీసం 28 మంది విరాయరాయ్ ఆదివాసులను, ఎక్కువగా ఆడవాళ్లను, పిల్లలను, కాపరులు నరికి చంపారు. ఆ కేసులో ఏడుగురిని ఉరి తీశారు. ఎన్నో హత్యలకు ఆ పాటి విచారణ కూడా లేదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

1861లో రాజకీయ నాయకుడు జాన్ రాబర్ట్‌సన్ తెచ్చిన చట్టాలు లీజు భూమిని మామూలు రైతులకు తెరిచాయి. 40 నుంచి 320 ఎకరాలు, సర్వేకి ముందే ఎంచుకోవచ్చు, ఎకరం పౌండు, అందులో ముందుగా కట్టేది 5 షిల్లింగులు, మూడేళ్లు కాపురం ఉండాలి. ఏమైందో మీరే ఊహించగలరు: బినామీలు. స్క్వాటర్ తన పనివాళ్ల పేరు మీద నీటి గుంటల చుట్టూ నలభేసి ఎకరాలు కొనిపించాడు. నీళ్లు పోయాక మిగతా వేల ఎకరాలు కొన్నా ఎవరికి లాభం? దీన్ని ఇక్కడ పీకాకింగ్ అంటారు. 1883లో విచారణకు నియమించిన మోరిస్, ర్యాంకెన్ ఇచ్చిన నివేదిక ఇదంతా బయటపెట్టింది. మరుసటి ఏడు కొత్త చట్టం రన్‌లను రెండుగా చీల్చింది, సగం లీజుదారుకు ఉంచి, సగం రైతుల కోసం.

ఇన్నేళ్లు అనుభవించాను కాబట్టి నాదే అనే వాదన వేరు, దాన్ని దీనితో కలపకండి. అది ప్రైవేటు భూమికి ఇక్కడ 12 ఏళ్లు, మన లిమిటేషన్ చట్టంలాగే. విక్టోరియాలో 15. అక్కడ సర్కారు భూమి మీద ఎన్నేళ్లున్నా చెల్లదు. స్క్వాటర్లకు వచ్చింది కాలం వల్ల కాదు, లైసెన్సు, అప్పు, పలుకుబడి వల్ల. 1996లో విక్ అనే ఆదివాసులు వేసిన కేసులో హైకోర్టు, ఇక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం, నలుగురు ముగ్గురుగా చీలి ఇంకో మాట చెప్పింది: మేత లీజు ఇచ్చినంత మాత్రాన ఆదివాసుల హక్కు దానంతట అదే పోదు, రెండూ ఢీకొన్నచోట లీజుదే పైచేయి.

1848 నాటి గెజెట్‌లో రన్‌ల హద్దులు అచ్చయ్యాయి. రెండు పేజీల నకలు ఈ కవర్లో పెట్టాను. కొలతలు చాలావరకు మైళ్లలో, వాగుల పేర్లతో ఉంటాయి. ఆ వివరాలతో పటం గీస్తే హద్దులు కలుస్తాయో లేదో మీరు చూసి రాయండి. పెద్దమ్మకి నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ చిన్నోడు