పీటర్ టోష్ ఆగ్రహమే కాదు, ఆయన రికార్డులూ వినాలి

సంపాదకులకు,

అయ్యా,

జమైకాలో పుట్టిన రెగ్గే సంగీతంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో అక్కడి గాయకుడు పీటర్ టోష్ ప్రస్తావన రెండు వాక్యాల్లో ముగిసింది. ప్రఖ్యాత రెగ్గే గాయకుడు బాబ్ మార్లే సహచరుడని ఒకటి, తుపాకీ ఆకారపు గిటార్ పట్టిన తిరుగుబాటుదారుడని మరొకటి. ఇందుకు వ్యాసకర్తను తప్పుపట్టలేను. ఆయన అభిమానులమని చెప్పుకొనే మాలాంటివాళ్లమే ఆ గిటార్ బొమ్మను చొక్కాల మీదా పోస్టర్ల మీదా ఊరేగించాం. కానీ ఎం-16 తుపాకీని పోలిన ఆ గిటార్ ఆయన చేతికి వచ్చింది 1980లలో. ఆయన పేరు నిలబెట్టిన రికార్డులు చాలావరకు అంతకు ముందే వచ్చేశాయి. వాటిలో పోరాటం ఎక్కడుందో తెలియాలంటే ఫొటోలు పక్కనపెట్టి పాటలు వినక తప్పదు.

1977లో వచ్చిన ‘ఈక్వల్ రైట్స్’ ఆల్బమ్‌నే తీసుకుందాం. ఇంత కోపంతో నిండిన రికార్డులో టోష్ ఎక్కడా గొంతు చించుకోడు. స్లై డన్‌బర్ డ్రమ్స్, రాబీ షేక్స్‌పియర్ బేస్ గిటార్ తొందరలేని నడకతో ముందుకు సాగుతుంటే, ఆయన మంద్రస్వరం వాటి మీద తీర్పు చదివి వినిపిస్తున్నట్టు నిదానంగా పలుకుతుంది. ‘డౌన్‌ప్రెసర్ మ్యాన్’కు మూలం అమెరికా నల్లజాతీయుల పాత భక్తిగీతం, దాన్నే 1960లలో మార్లే, టోష్ సభ్యులుగా ఉన్న వైలర్స్ బృందం ఒకసారి పాడింది. భక్తిగీతంలో ప్రళయదినాన దిక్కుతోచక పరుగెత్తేవాడు పాపి, టోష్ పాటలో పరుగెత్తేవాడు పీడకుడు. సముద్రం దగ్గరికి పోతే సముద్రం సలసల కాగుతుంటుంది, బండల చాటుకు పోతే బండలే కరిగిపోతుంటాయి. ఆ రోజున నీ కాలర్ కింద దూరిన చిన్న పురుగుగా ఉండటం కూడా నాకిష్టం లేదని టోష్ అనే చోట, అంత భయానక వర్ణన మధ్యలోనూ నవ్వు వస్తుంది. ఆ వెటకారాన్ని గమనించకుండా ఆయనను ఎప్పుడూ కళ్లెర్రజేసే మనిషిగానే చూపడం అన్యాయం.

ఇదే ఆల్బమ్‌లోని ‘స్టెపింగ్ రేజర్’ను టోష్ ఆత్మకథగా భావించేవారు చాలామంది. ఆ పాట రాసింది జో హిగ్స్. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడ ట్రెంచ్‌టౌన్‌లో వైలర్స్ కుర్రాళ్లకు గొంతులు కలిపి పాడటం నేర్పిన గురువు ఆయన. ఇంకొకరు రాసిన మాటలను తన స్వభావంగా జనం నమ్మేలా పాడటం కంటే గాయకుడి పనితనానికి వేరే సాక్ష్యం అక్కరలేదనుకుంటాను.

‘గెటప్ స్టాండప్’ను మార్లే, టోష్ కలిసి రాశారు. 1973 నాటి ‘బర్నిన్’ ఆల్బమ్‌లో మార్లే మొదటి చరణాలు పాడాక చివరి చరణాన్ని టోష్ అందుకుంటాడు. ఆ క్షణంలో పాట రంగు మారిపోతుంది. పిలుపులా మొదలైనది నిలదీతగా మారుతుంది. నాలుగేళ్ల తర్వాత ‘ఈక్వల్ రైట్స్’ను ఆయన ఆ పాటతోనే ప్రారంభించి, ఈసారి మొత్తం తానే పాడాడు. రెండింటినీ వరుసగా వింటే ఎవరు గొప్ప అన్న వాదన దానంతటదే పక్కకు పోతుంది. (అభిమానుల మధ్య ఆ వాదన ఎన్నటికీ తెగదు. దాని వల్ల ఇద్దరికీ ఒరిగిందేమీ లేదు.)

ఆల్బమ్‌కు పేరునిచ్చిన పాటలో టోష్ చెప్పేది, అందరూ శాంతి కోసం ఏడుస్తున్నారు గానీ న్యాయం అడిగేవారు లేరని. ఆ పాట వచ్చిన ఏడాదికి, 1978 ఏప్రిల్ 22న, కింగ్‌స్టన్ జాతీయ స్టేడియంలో శాంతి కచేరీ జరిగింది. రెండు ప్రధాన పార్టీల అండ ఉన్న ముఠాల మధ్య హత్యలు ఆపాలన్నది దాని లక్ష్యం. ప్రధాని మైఖేల్ మాన్లీ, ప్రతిపక్ష నేత ఎడ్వర్డ్ సియాగాల చేతులను మార్లే వేదికపై కలిపిన ఫొటో ప్రపంచమంతా చూసింది. అదే వేదికపై ఆ ఇద్దరు నేతల ఎదుటే, పేదల బతుకుల గురించీ పోలీసుల దౌర్జన్యం గురించీ టోష్ పాటల మధ్య సుదీర్ఘంగా మాట్లాడాడు. ఆ ధ్వనిముద్రణ తర్వాతి కాలంలో ఆల్బమ్‌గా విడుదలైంది. కొద్ది నెలలకే పోలీసులు ఆయనను పట్టుకొని తీవ్రంగా కొట్టారు. ఫొటో తెలిసిన వారిలో ఆ రికార్డింగ్ విన్నవారు తక్కువ. నా దృష్టిలో ఆ రాత్రిని అర్థం చేసుకోవడానికి రెండూ కావాలి.

1976లో వచ్చిన తొలి సోలో ఆల్బమ్ ‘లీగలైజ్ ఇట్’ సంగతి కొంత వేరు. గంజాయిపై నిషేధం ఎత్తివేయాలన్న దాని శీర్షిక గీతాన్ని జమైకా రేడియో నిషేధించింది. గంజాయి ఉబ్బసానికీ క్షయకూ మంచిదని అందులో వచ్చే మాటలను ఎవరూ వైద్యసలహాగా తీసుకోనక్కరలేదు. పేదల ఇళ్లను సోదా చేసే చట్టాన్ని, గంజాయిని పవిత్రంగా భావించే జమైకా మతస్థులైన రాస్తఫారీల విశ్వాసాన్ని నేరంగా చూసే చట్టాన్ని ప్రశ్నించిన పాటగా దాని విలువ దానికుంది. చిన్న మొత్తంలో దగ్గర ఉంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి జమైకా 2015లో తొలగించింది. అయితే అదే ఆల్బమ్‌లో ‘వై మస్ట్ ఐ క్రై’ అనే ప్రేమవైఫల్య గీతం ఉందని, పోరాట గాయకుడిగానే ఆయనను ఆరాధించే వారికి తరచూ గుర్తుండదు. ఆ పాట వింటే, ధిక్కరించిన గొంతే ఎంత నిస్సహాయంగా పలకగలదో తెలుస్తుంది.

తర్వాతి రికార్డులన్నీ ఈ స్థాయిలో ఉన్నాయని అనలేను. బ్రిటన్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ సొంత రికార్డు సంస్థకు చేసిన ఆల్బమ్‌లలో మెరుగు ఎక్కువై పదును తగ్గిన చోట్లున్నాయి. అయినా 1983 నాటి ‘మామా ఆఫ్రికా’లో అమెరికా రాక్ గాయకుడు చక్ బెర్రీ పాట ‘జానీ బి. గుడ్’ను ఆయన తనదిగా చేసుకున్న తీరు చూడండి. అమెరికా కుర్రాడి కథ జమైకాలోని మాండవిల్ దగ్గరికి మారింది. హుషారు స్థానంలో గంభీరత వచ్చి కూర్చుంది. 1987 సెప్టెంబరు 11న కింగ్‌స్టన్‌లోని సొంత ఇంట్లో దుండగుల కాల్పుల్లో మరణించేనాటికి టోష్ వయసు 42. ఆ ఏడాది వచ్చిన ‘నో న్యూక్లియర్ వార్’కు 1988లో గ్రామీ పురస్కారం లభించింది. 2012లో జమైకా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ మెరిట్‌తో గౌరవించింది.

ఆల్బమ్‌లను పరిచయం చేసే శీర్షిక ఏదైనా మీరు నడపదలిస్తే ‘ఈక్వల్ రైట్స్’తో మొదలుపెట్టమని మనవి. పాఠకులకు ఒక సూచన కూడా చేర్చండి: ఎనిమిది పాటలనూ వరుస మార్చకుండా వినమని, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినవద్దని చెప్పండి. ఆ చిన్న స్పీకర్‌లో షేక్స్‌పియర్ బేస్ సగానికి పైగా మాయమవుతుంది, ఈ పాటలను మోసేదే ఆ బేస్.

ఇట్లు,
మీ పాఠకుడు