ఓపీ చీటీలో తాగుడు ప్రశ్నకూ చోటివ్వాలి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే రోగులలో మద్యపాన సమస్య ఉన్నవారిని గుర్తించే ఏర్పాటు కర్నూలు జిల్లా పల్లెల్లో దాదాపు కనిపించడం లేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 5.7 కోట్ల మంది మద్యం వల్ల హాని పొందుతూనో దానికి బానిసలైపోయో ఉండగా, బానిసలైన వారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్లు తేలింది. ఫార్మసిస్టుగా పనిచేసినప్పుడు నేను గమనించినదేమిటంటే, కడుపుమంట, నిద్రలేమి, చేతుల వణుకు, ఎన్ని మాత్రలు మార్చినా తగ్గని రక్తపోటుతో వచ్చే మగవారికి మందులిచ్చి పంపడమే తప్ప తాగుడు గురించి ఎవరూ అడగరు. ఆ మాట మందుల కిటికీ దగ్గర భార్యో తల్లో గొంతు తగ్గించి చెబితేనే బయటపడుతుంది. ఆశా కార్యకర్తలు నింపే పత్రం కూడా రోజూ తాగుతారా అని మాత్రమే అడుగుతుంది కనుక, కూలి డబ్బులు అందిన నాడు ఒళ్లు తెలియకుండా తాగేవాడు అందులో తాగనివాడిగానే నమోదవుతాడు. మద్యపాన సమస్యను గుర్తించేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ అనే ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. ఎన్నాళ్లకొకసారి, ఎంత, ఒకేసారి మితిమీరి ఎంత తరచుగా అనే మొదటి మూడింటినైనా బీపీ చూసే నర్సు అడిగి చీటీపై రాసేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశాలివ్వాలి. హద్దు దాటుతున్నవారికి వైద్యుడు అయిదు నిమిషాలు నచ్చజెప్పినా ఫలితం ఉంటుంది. బానిసలైనవారు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది గనుక, వారిని ఊరికే మందలించి ఇంటికి పంపకుండా కర్నూలు సర్వజన వైద్యశాల మానసిక వైద్య విభాగానికి రాతపూర్వకంగా సిఫారసు చేయాలి.

— ఒక విశ్రాంత ఫార్మసిస్టు, పత్తికొండ, కర్నూలు జిల్లా