చెరువు వార్తలు రాసే పిల్లలకు

పిల్లలూ, ఆదివారం బెంగళూరులోని వర్తూరు చెరువుకు వెళ్లొచ్చి మీరు పంపిన ఆరు వ్యాసాలూ చదివాను. నాలుగింటికి మొదటి వాక్యం ఒకటే: "నేడు పర్యావరణం ప్రమాదంలో ఉంది." వక్తృత్వ పోటీకైతే సరే, వార్తకి పనికిరాదు. ఎనిమిదో తరగతి అబ్బాయి మాత్రం "గుర్రపు డెక్క మీద కొంగ నిలబడింది, మునగలేదు" అని రాశాడు. ఆ నీటి కలుపు మొక్క అంత దట్టంగా అల్లుకుందన్నమాట. అదీ మొదటి వాక్యం!

తర్వాత కారణం. బెళ్లందూరు చెరువు నిండితే నీళ్లు వర్తూరుకే వస్తాయి, కాబట్టి పై చెరువు సంగతి రాయకుండా కింది చెరువు కథ పూర్తవదు. 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో బెళ్లందూరు చెరువులో మంటలు లేచాయి. ఈ చెరువుల మీద తేలే నురగకు ముఖ్య కారణం శుద్ధి కాని మురుగు, అందులోని డిటర్జెంట్లు. "విషపు నీరు" అని ఊరికే రాయకండి. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఆ అంకెతో పోల్చండి.

లెక్కలు దొరక్కపోతే ఇంట్లో పెద్దవాళ్ల చేత ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు వేయించండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అన్నట్టు, అక్కడి కన్నడంలో "కోడి" అంటే చెరువు అలుగు. ఒకరు కోడిపెట్ట బొమ్మ వేసి పంపారు, నవ్వలేక చచ్చాను. గట్టు మీద పశువులు మేపే తాతతో కన్నడంలోనే మాట్లాడండి, పేరు వేయవచ్చా అని ముందే అడగండి.

తిరగరాసినవి శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి. వాయిస్ మెసేజ్‌లు వద్దు.