ఎలుకలకు ఫిట్స్ ఎందుకు తెప్పిస్తారో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మూగజీవాలకు మూర్ఛ తెప్పించి హింసిస్తున్నారనీ, ఇలాంటి ప్రయోగాలన్నీ ఆపించాలనీ కొందరు వినతిపత్రం ఇచ్చినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. అది చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఎలుక ఫొటో పెద్దగా వేశారు గానీ, ఆ ఎలుకకు ఫిట్స్ ఎందుకు తెప్పిస్తారో ఒక్క ముక్క రాయలేదు. మా అబ్బాయికి ఏడో ఏటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. రోజూ మాత్రను గీత దగ్గర విరిచి పొద్దున సగం, రాత్రి సగం వేసేది నేనే. అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

ఎలుకకు ఇచ్చే మందు పెంటిలిన్‌టెట్రజోల్. మెదడులో నరాల కణాలు అదుపు తప్పకుండా గాబా అనే రసాయనం బ్రేకు వేస్తుంటుంది. ఈ మందు ఆ బ్రేకు పడనివ్వదు, దాంతో ఫిట్స్ వస్తాయి. కొత్త మందు ముందుగా ఇచ్చిన ఎలుకకు ఫిట్స్ రాకపోయినా, ఆలస్యంగా వచ్చినా ఆ మందులో పస ఉందని తెలుస్తుంది. ఇప్పటికీ వాడే ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు ఇలాంటి దారిలోనే వచ్చింది. 1930ల చివర్లో అమెరికాలో మెరిట్, పుట్నం అనే డాక్టర్లు పిల్లులకు కరెంటు పెట్టి పరీక్షించి దాని గుణం కనిపెట్టారు. అంతకు ముందున్న బ్రోమైడ్లు మనిషిని మత్తులో పడేసేవి.

అంతా కంప్యూటర్లోనే చేయొచ్చు కదా అని వినతిపత్రం ఇచ్చినవాళ్ళు అన్నారట. మా అబ్బాయి వేసుకునే లెవెటిరాసెటమ్ సంగతి వింటే ఆ మాట అనరు. పెంటిలిన్‌టెట్రజోల్ పరీక్షలోనూ, కరెంటు షాక్ పరీక్షలోనూ అది పనికిరాని మందుగా తేలింది. పుట్టుకతోనే ఫిట్స్ లక్షణమున్న ఎలుకల్లో, మెదడుకు కొంచెం కొంచెంగా కరెంటు ఇచ్చి ఫిట్స్ అలవాటు చేసిన ఎలుకల్లో మాత్రం బాగా పనిచేసింది. పాత పరీక్షలతోనే సరిపెట్టుకుని ఉంటే ఈ మాత్ర మా ఇంటికి వచ్చేదే కాదు. ఫిట్స్ ఉన్నవాళ్ళలో నూటికి ముప్పై మంది దాకా మందులకు లొంగనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసం ఇంకా మెరుగైన పరీక్షలు కావాలి. ఉన్నవి మూయించమంటే ఎలా?

మన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రం వాళ్ళు పెంటిలిన్‌టెట్రజోల్ ఇచ్చిన ఎలుకల మీదే సరస్వతి ఆకు సారాన్ని పరీక్షించి, మెదడులోని ఎంజైములు ఎలా మారాయో 2010లో ప్రచురించారు. మన తిరుపతిలో జరిగిన పని ఇది. మనం గర్వపడాల్సిన విషయం కాదా?

ఎలుకకు బాధ లేదని నేను అనను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉన్నది అందుకే. ఎన్ని జంతువులు కావాలి, ఎందుకు కావాలి, నొప్పి ఎలా తగ్గిస్తారు అన్నవి నైతిక కమిటీ ముందు పెట్టి అనుమతి తీసుకోవాలి. ఆ కమిటీ సరిగ్గా కూర్చుంటోందా, బోనులు శుభ్రంగా ఉన్నాయా అని మీ విలేకరి వెళ్ళి చూసి రాస్తే అది వార్త. తప్పు జరుగుతుంటే బయటపెట్టండి, నేనూ మీ వెంటే ఉంటాను.

ఇక మనుషుల సంగతి. మా మండలంలో ఒక ఆసుపత్రికి వెళితే ఫిట్స్ మాత్రలు స్టాక్ లేవు, వచ్చే వారం రమ్మంటారు. వారం రోజులు మాత్ర మానేస్తే ఏమవుతుందో చెప్పినా వినరు. అడిగితే ఇండెంట్ పెట్టామంటారు. ఆ ఇండెంట్ ఎక్కడ ఆగిందో పై అధికారులకూ తెలియదు. మొన్న బస్టాండులో ఒకాయన పడిపోతే చుట్టూ చేరినవాళ్ళు చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఒకాయన పళ్ళ మధ్య చెంచా దూర్చబోయాడు. పక్కనే డిగ్రీ చదివే పిల్లలు ఫోన్లో వీడియో తీస్తున్నారు. 1999 దాకా మూర్ఛను పెళ్ళి రద్దుకు కారణంగా చట్టంలోనే ఉంచుకున్నాం. చట్టం మారినా సంబంధాలు చూసేటప్పుడు మన మాటలు మారలేదు.

దయచేసి మీ పేజీలో ఈ నాలుగు మాటలైనా వేయండి: ఫిట్స్ వచ్చినవాళ్ళను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు, ఐదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయాలి. మాత్రల స్టాక్ గురించి జిల్లా వైద్యాధికారి వివరణ కూడా తీసుకుని ప్రచురించండి.

ఇట్లు,
ఒక తండ్రి,
కొర్లగుంట, తిరుపతి